ఒకే 35, ఒకే 1.4: రేంజ్‌ఫైండర్‌కు చిన్న లెన్సు ఎంచుకోవడంలోని చిక్కుముడి

రెండు లెన్సులను పక్కపక్కన పెట్టి చూడండి. రెండింటి ఫోకల్ దూరం 35 మిల్లీమీటర్లే; ఈ అంకె తగ్గేకొద్దీ లెన్సు చూసే వెడల్పు పెరుగుతుంది. రెండింటి గరిష్ఠ అపెర్చర్ (వెలుగు లోపలికి వచ్చే తెరపు) ఎఫ్/1.4; ఈ అంకె ఎంత చిన్నదైతే తెరపు అంత పెద్దది. రెండూ లైకా ఎం అనే రేంజ్‌ఫైండర్ కెమెరాకు (లెన్సు గుండా కాక విడిగా ఉన్న కిటికీలోంచి చూసి ఫోకస్ చేసే కెమెరా) ఒకే బిగింపుతో అతుకుతాయి. మొదటిది వోక్ట్‌లాండర్ పేరుతో కొసీనా కంపెనీ 2008లో తెచ్చిన నాక్టన్ క్లాసిక్. పొడవు మూడు సెంటీమీటర్ల లోపు, బరువు దాదాపు 200 గ్రాములు. రెండోది 2014లో జైస్ తెచ్చిన డిస్టగాన్. పొడవు మొదటిదానికి రెట్టింపు పైమాటే, బరువు దాదాపు 380 గ్రాములు. లెక్క ప్రకారం రెండూ ఒకే పని చేయాలి: అదే దృశ్యాన్ని అంతే వెలుగుతో ఫిల్ము మీదికి తేవాలి. మరి ఒకటి గుప్పిట్లో దాగేంత చిన్నదిగా, ఇంకొకటి గుప్పిటంత పెద్దదిగా ఎందుకున్నాయి? చిన్నది దేన్ని వదులుకుంది? పెద్దది అంత గాజు మోసి ఏమి సంపాదించింది?

ఈ ప్రశ్నలకు జవాబు దొరికితే లెన్సు ఎంపికలో ముప్పాతిక వంతు తేలిపోయినట్టే. లెన్సు చిన్నగా ఉండాలి, వెలుగు బాగా రానివ్వాలి, అపెర్చర్ పూర్తిగా తెరిచినా చిత్రం మూలమూలలా చెక్కినట్టు ఉండాలి. ఈ మూడు కోరికల్లో ఏ రెండైనా తీరతాయి, మూడోదాని దగ్గర రాజీ పడాలి. ఏ కెమెరాకైనా ఇది వర్తిస్తుంది. అయితే రేంజ్‌ఫైండర్ దగ్గర మరో మెలిక ఉంది. ఇక్కడ పెద్ద లెన్సు చేతికి బరువు కావడంతో ఆగదు, కంటికి అడ్డం కూడా వస్తుంది. అందుకే నా అభిప్రాయం ముందే చెబుతున్నాను: వైడ్ యాంగిల్ లెన్సు కొనేవారు పరీక్షా చిత్రాల కంటే ముందు తమ కెమెరా వ్యూఫైండర్‌ను, అంటే కన్ను పెట్టి చూసే కిటికీని, చూసుకోవాలి. ఏ ఫ్రేము తమ కంటికి పూర్తిగా కనిపిస్తుందో, ఎంత లావు లెన్సు ఆ ఫ్రేములోకి చొరబడకుండా ఉంటుందో తేలాక ఎఫ్/1.4 కావాలా, ఎఫ్/2 సరిపోతుందా అని ఆలోచించవచ్చు.

కంటికి ముందున్న కిటికీ

ఎస్ఎల్ఆర్ కెమెరాలో లెన్సు గుండా వచ్చిన కాంతే అద్దం మీద పడి కంటికి చేరుతుంది. రేంజ్‌ఫైండర్‌లో అలా కాదు. కెమెరా వెనుక నుంచి చూస్తే ఎడమ పైమూలన ఒక చిన్న కిటికీ ఉంటుంది. దానిలోంచి లోకాన్ని నేరుగా చూస్తాం. ఆ చూపుతో లెన్సుకు సంబంధం లేదు. ఎంత దృశ్యం ఫిల్ము మీద పడుతుందో చెప్పడానికి కిటికీలో సన్నని తెల్లని గీతలు వెలుగుతాయి. 35 లెన్సు బిగిస్తే 35 గీతలు, 50 బిగిస్తే 50 గీతలు. గీతల బయట జరుగుతున్నది కూడా కనిపిస్తుంది కాబట్టి ఫ్రేములోకి అడుగు పెట్టబోతున్న మనిషిని ముందే గమనించవచ్చు. ఈ కెమెరాల మీద మమకారం పెంచుకున్నవారిలో చాలామందికి అసలు కారణం ఇదే.

ఆ కిటికీకి కుడిపక్కన, కాస్త కింద లెన్సు ఉంటుంది. అది పొడవుగా, లావుగా ఉంటే కిటికీలో కుడివైపు కింది మూలను కప్పేస్తుంది. 50 లెన్సు ఫ్రేము మధ్యలో ఇమిడి ఉంటుంది కాబట్టి ఆ మూల కొంత పోయినా నష్టం తక్కువ. వైడ్ లెన్సు ఫ్రేము కిటికీ అంచుల దాకా పరుచుకుంటుంది. అంటే ఏ లెన్సు అన్నిటికన్నా పొట్టిగా ఉండాలో ఆ లెన్సే వైడ్ లెన్సు. దానికి తోడు, పక్కల నుంచి పడే వెలుగును ఆపడానికి లెన్సు ముందు తగిలించే హుడ్ ఒకటి. లెన్సు చిన్నదే అనుకుని సంతోషించి, తీరా హుడ్ తగిలించాక ఫ్రేములో ఒక మూల మాయమవడం చూసి నిరాశపడేవారు చాలామంది. వైడ్ లెన్సుల హుడ్లకు పక్కన కిటికీల్లాంటి రంధ్రాలు పెట్టేది అందుకే. వాటిలోంచి వెనుక ఉన్న దృశ్యం కొంతైనా కనబడుతుంది.

ఇక కిటికీ ఎంత వెడల్పును చూపగలదన్నది దాని మాగ్నిఫికేషన్ మీద ఆధారపడుతుంది. 1954లో వచ్చిన లైకా ఎం3లో అది 0.91. వస్తువులు దాదాపు అసలు పరిమాణంలో కనిపిస్తాయి. కానీ అందులో అన్నిటికన్నా వెడల్పైన ఫ్రేము 50. ఆ కెమెరా మీద 35 వాడాలనుకున్నవారి కోసం లెన్సుకే కళ్లజోడు లాంటి అదనపు అద్దాలు బిగించి అమ్మేవారు. ఆ తర్వాత వచ్చిన ఎం2లో మాగ్నిఫికేషన్‌ను 0.72కి తగ్గించి 35 ఫ్రేమును లోపలికే తెచ్చారు. 1980ల మొదట్లో ఎం4-పి వచ్చేసరికి అదే 0.72 కిటికీలో 28 గీతలు కూడా చేరాయి. చేరాయి గానీ, అంచులను ఒరుసుకుంటూ చేరాయి. కళ్లజోడు పెట్టుకునేవారి కన్ను కిటికీకి కొంత ఎడంగా ఉంటుంది కాబట్టి వారికి 28 గీతలు నాలుగు వైపులా ఒకేసారి కనిపించవు. తల కొంచెం అటూ ఇటూ జరిపి చూసుకోవాలి. డిజిటల్ ఎం9లో మాగ్నిఫికేషన్ 0.68, ఎం10లో 0.73. అంకెలు మారినా 28 ఫ్రేము ఎప్పుడూ కిటికీ అంచుల మీదే నివసిస్తుంది.

ఇక్కడొక చిన్న వింత చెప్పాలి. 1973లో లైకా, మినోల్టా కలిసి చేసిన చిన్న కెమెరా సీఎల్ కోసం 40 మిల్లీమీటర్ల ఎఫ్/2 లెన్సు తయారైంది. ఎంతో ముచ్చటైన లెన్సు అది, ఇప్పటికీ బాగా పనిచేస్తుంది. తరువాత కొసీనా 40 ఎఫ్/1.4 కూడా తెచ్చింది. కానీ లైకా ఎం కెమెరాల్లో 40 గీతలు లేవు. ఈ లెన్సు బిగిస్తే 50 గీతలు వెలుగుతాయి. చిత్రంలో మనం అనుకున్నదానికన్నా ఎక్కువ దృశ్యం వస్తుంది. లెన్సు వెనుక ఉన్న చిన్న లోహపు పన్నును అరగదీసి 35 గీతలు వచ్చేలా చేసుకునేవారున్నారు. కొసీనా చేసిన బెస్సా ఆర్3 లాంటి కెమెరాల్లో 40 గీతలు ఉన్నాయి కాబట్టి అక్కడ ఈ తంటా లేదు. లెన్సు ఎంత మంచిదైనా మన కిటికీకి దానితో పొత్తు కుదరాలన్నదానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

28 కన్నా వెడల్పైన 24, 21 లెన్సులకు వెళితే ఎక్కువ కెమెరాల్లో కెమెరా పైన విడిగా మరో వ్యూఫైండర్ తగిలించుకోవాలి. ఒక కిటికీలో ఫోకస్ చేసి, కన్ను జరిపి, ఇంకో కిటికీలో ఫ్రేము చూసుకోవాలి. 21 గీతలు లోపలే ఉన్న బెస్సా ఆర్4 వంటివి అరుదు. లైకా 2008లో 21, 24 మిల్లీమీటర్లలో ఎఫ్/1.4 లెన్సులు తెచ్చింది. గాజు పరంగా అవి గొప్ప సాధనే. కానీ ఎఫ్/1.4లో జాగ్రత్తగా ఫోకస్ చేయాలి, ఆ ఫోకస్ ఒక చోట, ఫ్రేము మరో చోట. చీకట్లో కదిలే మనుషుల మధ్య ఈ రెండంచెల పని సాగదు. అందుకే ఈ వ్యాసంలో నా చర్చ 35, 28ల చుట్టూనే తిరుగుతుంది.

చిన్నది ఎలా చిన్నదైంది

రేంజ్‌ఫైండర్ లెన్సులు చిన్నగా ఉండటానికి మూలకారణం కెమెరాలో అద్దం లేకపోవడమే. లైకా ఎం మౌంట్ (లెన్సు బిగించే చోటు) నుంచి ఫిల్ము దాకా దూరం 27.8 మిల్లీమీటర్లు. అద్దం ఉన్న నికాన్ ఎఫ్ కెమెరాలో అదే దూరం 46.5. ఎస్ఎల్ఆర్‌లో 35 మిల్లీమీటర్ల లెన్సు ఆ అద్దాన్ని తప్పించుకోవాలంటే, ముందువైపు పెద్ద కటకం పెట్టి కాంతిని విప్పార్చి, వెనుక మళ్లీ కూడదీయాలి. ఈ పద్ధతికి రెట్రోఫోకస్ అని పేరు. 1950లో ఫ్రాన్సుకు చెందిన ఆంజెన్యూ కంపెనీ అదే పేరుతో లెన్సును అమ్మింది. రేంజ్‌ఫైండర్‌కు ఆ తిప్పలు లేవు. చివరి కటకాన్ని ఫిల్ముకు దగ్గరగా పెట్టుకోవచ్చు. అపెర్చర్‌కు అటూ ఇటూ కటకాలను దాదాపు అద్దంలో ప్రతిబింబంలా అమర్చవచ్చు.

ఆ సౌష్ఠవం వల్ల ఒక అద్భుతమైన లాభం ఉంది. ముందు సగం చేసిన కొన్ని తప్పులను వెనుక సగం సరిగ్గా తిరగేసి రద్దు చేస్తుంది. సరళరేఖలు వంగే దోషం, అంచుల్లో రంగులు విడిపోయే దోషం, మూలల్లో వెలుగు చుక్కలకు తోకలు మొలిచే దోషం చాలావరకు తమంతట తామే తగ్గుతాయి. లూడ్విగ్ బెర్టెలె జైస్ కోసం రూపొందించిన బయొగాన్ లెన్సులు ఈ దారిలో నడిచినవే. నేటి జైస్ లెన్సుల పేర్లలో కూడా ఈ తేడా దాగి ఉంది. బయొగాన్ అంటే సౌష్ఠవానికి దగ్గరగా ఉన్న నిర్మాణం, డిస్టగాన్ అంటే రెట్రోఫోకస్ నిర్మాణం. మొదట చెప్పిన పెద్ద లెన్సు డిస్టగాన్. అద్దం లేని కెమెరాకు కూడా జైస్ కావాలనే రెట్రోఫోకస్ దారి పట్టింది. ఎందుకో తెలియాలంటే సౌష్ఠవం దేన్ని సరిచేయలేదో చూడాలి.

అది సరిచేయలేనిది గోళాకార దోషం. కటకం ఉపరితలం గోళంలో భాగంగా ఉన్నప్పుడు, దాని అంచు గుండా వచ్చే కిరణాలు మధ్య గుండా వచ్చే కిరణాల కన్నా ముందే కలుసుకుంటాయి. చిన్న అపెర్చర్‌లో అంచు కిరణాలకు దారి మూసుకుపోతుంది కాబట్టి ఇబ్బంది లేదు. అపెర్చర్ ఎఫ్/1.4కి తెరిస్తే ఆ అంచు కిరణాలన్నీ లోపలికి వస్తాయి. అప్పుడు స్పష్టమైన బొమ్మ మీద పల్చని పొగమంచు కప్పినట్టు ఉంటుంది. దీపాల చుట్టూ మెరుపు పరుచుకుంటుంది. 1961 నాటి లైకా 35 సమ్మిలక్స్ ఎఫ్/1.4లో ఈ మెరుపు అందరికీ తెలిసిన లక్షణం. ఏడు కటకాలతో, అరచేతిలో ఇమిడే పరిమాణంలో ఎఫ్/1.4 సాధించడానికి అది చెల్లించిన మూల్యం అది. అయినా ఆ లెన్సు 1990ల దాకా ఉత్పత్తిలో ఉంది. ఆ మెరుపు కోసమే దాన్ని వెతికి కొనేవారు ఇప్పటికీ ఉన్నారు.

ఆ లెన్సు శూన్యం నుంచి ఊడిపడలేదు. 1930లో లైకాకు వచ్చిన 35 ఎల్మార్ ఎఫ్/3.5. అప్పటికి అదే గొప్ప. 1956లో నికాన్ తన రేంజ్‌ఫైండర్ కోసం 35 ఎఫ్/1.8 తెచ్చింది. 1958లో కెనాన్ 35 ఎఫ్/1.5తో ముందుకు దూకింది. మరో మూడేళ్లకు లైకా 1.4. ముప్పై ఏళ్లలో రెండున్నర స్టాపులకు పైగా (ఒక్కో స్టాపుకు వెలుగు రెట్టింపు), అంటే ఆరు రెట్ల వెలుగు. ఆ తరువాతి అరవై ఏళ్లలో ఆ అంకె దగ్గరే లోపాలను తగ్గించే పని ప్రధానంగా సాగింది. 2003లో కొసీనా 35ని ఎఫ్/1.2 దాకా తీసుకెళ్లింది గానీ, ఆ లెన్సు పరిమాణం చూస్తే ఇక్కడ దాని మాట ఎత్తనవసరం లేదు.

లోపాలను తగ్గించే దారులు మూడు. కటకం ఉపరితలాన్ని గోళం నుంచి తప్పించి ఆస్ఫెరికల్‌గా మలచడం మొదటిది. 1994 నాటి సమ్మిలక్స్ ఆస్ఫెరికల్ అలా వచ్చింది. పాత లెన్సు పొగమంచు అందులో లేదు. పరిమాణం మాత్రం పెరిగింది. కటకాల సంఖ్య పెంచి ఒక్కోదానిపై భారం తగ్గించడం రెండోది. ఫోకస్ మారేటప్పుడు కొన్ని కటకాలు విడిగా కదిలేలా చేయడం మూడోది. డిస్టగాన్ మూడింటినీ వాడుకుంది, రెట్రోఫోకస్ కూడా దానికి తోడైంది. అందుకే ఎఫ్/1.4లోనే అంచుల దాకా అంత నిబ్బరంగా ఉంటుంది. నాక్టన్ క్లాసిక్ ఎనిమిది మామూలు గోళాకార కటకాలతో 1960ల సంప్రదాయంలో కట్టిన లెన్సు. అందులో మెరుపు, మూలల మెత్తదనం, గీతల్లో కాస్త వంపు ఉన్నాయి. చిన్నగా ఉంచడం కోసం అవి ఉంటాయని తెలిసే దాన్ని అలా కట్టారు.

ఒక చిన్న లెక్క చాలామందిని తికమక పెడుతుంది. ఎఫ్ సంఖ్య అంటే ఫోకల్ దూరాన్ని అపెర్చర్ వ్యాసంతో భాగించగా వచ్చేది. 35 ఎఫ్/1.4కి కావలసిన తెరపు 25 మిల్లీమీటర్లు. 28 ఎఫ్/1.4కి 20 మిల్లీమీటర్లే చాలు. మరి 28 లెన్సు ఇంకా చిన్నగా ఉండాలి కదా? కానీ లైకా 2015లో తెచ్చిన 28 సమ్మిలక్స్ బరువు 440 గ్రాములు. అదే కంపెనీ 28 ఎఫ్/2 బరువు దాదాపు 270. కారణం మూలలే. 28 లెన్సు మూల నుంచి మూలకు 75 డిగ్రీలు చూస్తుంది, 35 అయితే 63. అంత ఏటవాలుగా వచ్చే కిరణాలు కూడా లోపలి తెరపును నిండుగా చేరాలంటే ముందు కటకం చాలా పెద్దదిగా ఉండాలి. ముందు కటకం చిన్నదైతే లెన్సు గొట్టమే ఆ కిరణాలను కత్తిరిస్తుంది, మూలలు చీకటి పడతాయి. దానికి తోడు, వాలుగా పడే వెలుగు సహజంగానే పలచబడుతుంది. కోణం కొసైన్ నాలుగో ఘాతం చొప్పున తగ్గుతుందని సూత్రం. ఆ లెక్కన సౌష్ఠవమైన 35 లెన్సులో మూలలకు మధ్యభాగపు వెలుగులో సగం మాత్రమే చేరుతుంది. 28లో నూటికి 40 వంతులు, 21లో నాలుగో వంతు కూడా చేరదు. ఇది గొట్టం కత్తిరింపు కాకుండానే. అపెర్చర్ మూసినంత మాత్రాన ఈ భాగం పోదు. చిన్న, ఫాస్ట్ (ఎక్కువ వెలుగు రానిచ్చే) వైడ్ లెన్సు కొనేవారు చీకటి మూలలను లోపంగా కాక లెన్సు స్వభావంగా ఒప్పుకోవాలి.

రోలర్‌కు తెలియని సంగతి

రేంజ్‌ఫైండర్‌లో ఫోకస్ ఎలా జరుగుతుందో చూస్తే ఫాస్ట్ లెన్సుల అసలు ప్రమాదం అర్థమవుతుంది. లెన్సు ఉంగరం తిప్పితే దాని వెనుక ఉన్న ఒక లోహపు అంచు ముందుకూ వెనక్కూ కదులుతుంది. కెమెరా లోపలి చిన్న రోలర్ ఆ అంచును తాకుతూ ఉంటుంది. రోలర్ కదలికకు తగ్గట్టు కిటికీ మధ్యలో రెండో బొమ్మ జరుగుతుంది. రెండు బొమ్మలూ ఒకటైతే ఫోకస్ కుదిరినట్టు. ఈ మొత్తం ఏర్పాటుకు లెన్సు గుండా ఏం వస్తున్నదో తెలియదు. రోలర్ 50 మిల్లీమీటర్ల తరగతి లెన్సు కదలికకు అలవాటు పడింది. అనంతం నుంచి ఒక మీటరు దాకా రావడానికి 50 లెన్సు దాదాపు 2.6 మిల్లీమీటర్లు కదలాలి, 35 లెన్సు 1.3 కదిలితే చాలు, 28కి 0.8 సరిపోతుంది. ఆ తేడాను లెన్సులోని మరలు, వాలు అంచు సర్దిపెట్టాలి. ఆ అంచు ఎంత నిక్కచ్చిగా చెక్కారో ఫోకస్ అంత నిక్కచ్చిగా ఉంటుంది.

కొలిచే శక్తి విషయంలో భయం అక్కరలేదు. రెండు కిటికీల మధ్య దాదాపు 69 మిల్లీమీటర్ల ఎడం, 0.72 మాగ్నిఫికేషన్‌తో గుణిస్తే సుమారు 50. 35 ఎఫ్/1.4కి ఇది ధారాళంగా సరిపోతుంది. ఆ లెన్సుతో ఒక మీటరు దూరంలో స్పష్టంగా ఉండే లోతు ఏడు సెంటీమీటర్లు, రెండు మీటర్ల దగ్గర ఇరవై ఏడు, మూడు మీటర్ల దగ్గర అరవైకి పైన. ఫిల్ము మీద 0.03 మిల్లీమీటర్ల మసక చుక్కను హద్దుగా పెట్టుకుని వేసిన లెక్క ఇది. పెద్ద అచ్చులు వేసేవారికి, ఎక్కువ మెగాపిక్సెళ్లు ఉన్నవారికి ఇంకా తక్కువ.

ప్రమాదం వేరే చోట ఉంది. గోళాకార దోషం మిగిలి ఉన్న లెన్సులో అపెర్చర్ మూస్తూ పోతే అంచు కిరణాలు తప్పుకుని, బొమ్మ అత్యంత స్పష్టంగా ఏర్పడే చోటు జరుగుతుంది. ఎస్ఎల్ఆర్‌లోనూ ఇది ఉంటుంది. కానీ రేంజ్‌ఫైండర్‌లో రోలర్‌కు అపెర్చర్ ఎక్కడుందో తెలిసే దారి లేదు. మొదటిసారి ఇది నా చిత్రాల్లో కనిపించినప్పుడు కెమెరానే అనుమానించాను. ఎఫ్/1.4లో కళ్లు చక్కగా కుదిరాయి. అదే మనిషి, అదే దూరం, ఎఫ్/2.8కి మూస్తే చెవులు స్పష్టంగా ఉన్నాయి, కళ్లు మెత్తబడ్డాయి. అపెర్చర్ మూస్తే స్పష్టత పెరగాలి కదా అని నాలుగు రోజులు తల పట్టుకున్నాను. కెమెరాలో ఏ దోషమూ లేదు. లెన్సు తన స్వభావం ప్రకారమే నడుచుకుంది.

ఎఫ్/2 నుంచి ఎఫ్/5.6 దాకా ఉన్న నడిమి ప్రాంతంలోనే ఇది ఎక్కువగా బాధిస్తుంది. ఎఫ్/8కి చేరేసరికి స్పష్టత లోతు పెరిగి తప్పును కప్పేస్తుంది. నాక్టన్ క్లాసిక్‌లో ఇది ఉందని వాడేవారందరికీ తెలుసు. 1994 సమ్మిలక్స్‌లోనూ కొంత ఉంది. 2010లో లైకా ఫోకస్‌తో పాటు విడిగా కదిలే వెనుక కటకాలతో కొత్త రూపం తెచ్చింది. దగ్గరి దూరాల్లో ఈ జరుగుడును బాగా తగ్గించడం ఆ మార్పుతో వచ్చిన పెద్ద మేలు. ఎఫ్/2 లెన్సుల్లో ఈ బెడద సహజంగానే తక్కువ. అక్కడ అంచు కిరణాల వాటాయే తక్కువ కదా.

పరీక్షించుకోవడం కష్టమేమీ కాదు. ఒక స్కేలును ఏటవాలుగా ఆనించి, కెమెరాను స్టాండు మీద పెట్టి, మీటరు దూరం నుంచి ఒకే గీత మీద ఫోకస్ చేసి ప్రతి అపెర్చర్‌లో ఒక్కో చిత్రం తీయాలి. స్పష్టమైన భాగం ఎటు జరుగుతోందో కళ్లెదుటే ఉంటుంది. ఎఫ్/2.8లో మీ లెన్సు రెండు మూడు సెంటీమీటర్లు వెనక్కి పోతుందని తెలిస్తే ఫోకస్ చేశాక శరీరాన్ని అంతే వెనక్కి వాల్చడం చేతికి అలవాటవుతుంది. అది నచ్చనివారికి ఆ లెన్సు వద్దు.

ఎఫ్/1.4 నిజంగా కావాలా

రాత్రిపూట మామూలు దీపాలతో ఉన్న గదిని తీసుకుందాం. 400 ఐఎస్ఓ ఫిల్ముతో (ఐఎస్ఓ అంటే వెలుగును పట్టుకునే చురుకుదనం) అక్కడ ఎఫ్/2 దగ్గర సెకనులో ముప్పయ్యో వంతు షట్టర్ వస్తుంది. ఎఫ్/1.4లో అరవయ్యో వంతు, ఎఫ్/2.8లో పదిహేనో వంతు. రేంజ్‌ఫైండర్‌లో అద్దం ఎగిరే కుదుపు లేదు కాబట్టి వైడ్ లెన్సుతో పదిహేనో వంతులో కూడా చేయి నిలకడగా ఉంటుంది. కానీ ఎదుటి మనిషి నిలకడగా ఉండడు. మాట్లాడుతూ చేతులు తిప్పే మనిషిని ఆపడానికి అరవయ్యో వంతు కావాలి. ఫిల్ము వాడేవారికి ఎఫ్/1.4 ఇచ్చే నిజమైన లాభం ఇక్కడుంది. చీకట్లో చేయి వణకడాన్ని అది ఆపనవసరం లేదు, మనుషుల కదలికను ఆపితే చాలు.

డిజిటల్ కెమెరాలో 3200 ఐఎస్ఓ పెట్టుకోగలిగితే 400 ఫిల్ము కన్నా మూడు స్టాపులు చేతికొచ్చినట్టే. అప్పుడు ఒక్క స్టాపు కోసం లెన్సు పరిమాణం, ఫోకస్ జరుగుడు భరించాలా? వెనుక దృశ్యం మసకబారడం కోసమైతే, వైడ్ లెన్సులో ఆ మసక కొంచెమే. 35 ఎఫ్/1.4తో మీటరున్నర లోపల ఉన్న ముఖం వెనుక నేపథ్యం అందంగా కరుగుతుంది. రెండు మీటర్లు దాటితే ఎఫ్/2కీ దానికీ తేడా పట్టిపట్టి చూడాలి. 28తో అయితే ఇంకా దగ్గరికి వెళ్లాలి. రేంజ్‌ఫైండర్ యంత్రాంగం సాధారణంగా 0.7 మీటర్ల దగ్గర ఆగిపోతుంది, పాత లెన్సుల్లో మీటరు దగ్గరే. 2022 నాటి 35 సమ్మిలక్స్ 0.4 మీటర్ల దాకా వస్తుంది. కానీ 0.7 దాటాక కిటికీ సాయం ఉండదు, తెర చూసి ఫోకస్ చేయాలి.

సెన్సర్ మరో చిక్కు తెస్తుంది. సౌష్ఠవమైన లెన్సు చివరి కటకం ఫిల్ముకు దగ్గరగా ఉంటుందని చెప్పుకున్నాం. అక్కడి నుంచి మూలలకు కిరణాలు బాగా ఏటవాలుగా వెళతాయి. ఫిల్ము దాన్ని పట్టించుకోదు. సెన్సర్ మీద మాత్రం ప్రతి పిక్సెల్ ఒక చిన్న బావి లాంటిది. ఏటవాలు వెలుగు అడుగు దాకా చేరదు, పక్క రంగులోకి చిందుతుంది. లైకా ఎం సెన్సర్ల అంచుల్లో సూక్ష్మ కటకాలను పక్కకు జరిపి, పైనున్న గాజు పొరను పల్చగా ఉంచి దీన్ని సర్దారు. 2006 నుంచి తన లెన్సుల మౌంట్ మీద ఆరు గుర్తుల కోడు కూడా పెట్టి, ఏ లెన్సో కెమెరాకు తెలిసేలా చేసింది లైకా. ఇతర కంపెనీల మిర్రర్‌లెస్ కెమెరాల్లో గాజు పొర ఎక్కువ మందంగా ఉంటుంది. అదే చిన్న లెన్సును అడాప్టర్‌తో వాటికి తగిలిస్తే మధ్యలో బాగున్న చిత్రం మూలల్లో చెదిరిపోతుంది. రెండు రకాల కెమెరాలకూ ఒకే వైడ్ లెన్సు కావాలనుకునేవారికి, విచిత్రంగా, పెద్దదైన రెట్రోఫోకస్ నిర్మాణమే మేలు.

పాత లెన్సుల విషయంలో ఒక్క జాగ్రత్త చెబుతాను. చిన్న టార్చి వెనుక నుంచి వేసి లోపల చూడండి. అపెర్చర్‌కు ఇరువైపులా ఉన్న కటకాల మీద పల్చని పొర పట్టి ఉంటే పూర్తి వెలుగులో కనిపించదు, టార్చిలోనే బయటపడుతుంది. దాని వల్ల వచ్చే మసకను పాత లెన్సు అందమని పొరపడేవారున్నారు. మరలతో బిగించే పాత లెన్సులు ఎం కెమెరాకు సులువుగా కుదురుతాయి. వాటి మౌంట్ నుంచి ఫిల్ము దాకా దూరం 28.8 మిల్లీమీటర్లు, ఎంకన్నా సరిగ్గా ఒక మిల్లీమీటరు ఎక్కువ, కాబట్టి ఆ మందం గల అడాప్టర్ చాలు.

నాకు ఒకే ఒక్క లెన్సు అంటే 35 ఎఫ్/2 తీసుకుంటాను. లైకా 1958 నుంచి చేస్తున్న సమ్మిక్రాన్, జైస్ బయొగాన్, కొసీనా అల్ట్రాన్ ఈ కోవలో ఉన్నాయి. కిటికీలో ఫ్రేము కళ్లజోడుతో కూడా దాదాపు పూర్తిగా కనిపిస్తుంది, లెన్సు అడ్డు రాదు, ఫోకస్ నమ్మకంగా ఉంటుంది. ఎఫ్/8 పెట్టి ఐదు మీటర్లకు ఫోకస్ చేస్తే రెండున్నర మీటర్ల నుంచి అనంతం దాకా స్పష్టమే. మనుషులకు బాగా దగ్గరగా వెళ్లి తీసేవారికి, కళ్లజోడు లేనివారికి 28 ఎఫ్/2 సరిపోతుంది. ఫిల్ముతో, రాత్రిళ్లు, కదిలే మనుషులను తీసేవారు చిన్న 35 ఎఫ్/1.4 తీసుకోవాలి. వారికి ఆ మెరుపు అడ్డం కాదు, దీపాల వెలుగుకు అది నప్పుతుంది. మూలల దాకా కచ్చితత్వం కావాలంటే పెద్ద 1.4 ఉంది, కిటికీలో ఒక మూల దానికి వదిలేయాలి.

ఫోకస్ ఉంగరానికి వేలు ఆనే చిన్న కొక్కెం ఉందో లేదో కూడా చూడండి. చాలా లెన్సుల్లో అది నిట్టనిలువుగా కిందికి ఉన్నప్పుడు దూరం మీటరుకు కొంచెం పైన ఉంటుంది. కొన్ని వారాల్లో వేలికి దూరాలు గుర్తుండిపోతాయి. కెమెరా కంటికి చేరకముందే ఫోకస్ దాదాపు కుదిరి ఉంటుంది. చివరగా, కొనబోయే లెన్సును మీ కెమెరాకే తగిలించి, హుడ్ పెట్టి, రెండు మీటర్ల దూరంలో నిలబడిన మనిషిని కిటికీలోంచి చూడండి. ఆ మనిషి పాదాలు కుడి మూలన లెన్సు వెనుక దాక్కుంటున్నాయా, కనిపిస్తున్నాయా?